సున్నకు దిగువ లెక్క: తారుమారు సూత్రమును బడినుండి వెడలగొట్టవలెను



మన తెలుగు ఇండ్లలో ఒక మాట ఈ నడుమ తరచుగా వినవచ్చుచున్నది. "మనవారికి బేరము వచ్చును గాని గణితము రాదు" అను మాట అది. కొందరు దీనిని నవ్వుచు చెప్పుదురు, కొందరు నిట్టూర్చుచు చెప్పుదురు. ఎట్లు చెప్పినను ఇది అబద్ధము. సోలాపురమున మగ్గము నేసినవారును, హోసూరు సీమలో సేద్యము చేసినవారును, బళ్లారిలో ప్రత్తి బేరము చేసినవారును, బరంపురమున అంగడి పెట్టినవారును మన పూర్వులే. ఇరుగుపొరుగు భాషలో బేరమాడి, సొంత భాషలో పద్దు వ్రాసికొని, నూలు లెక్క, గింజ లెక్క, వడ్డీ లెక్క తప్పకుండ నడపి వారు బ్రదికినారు. లెక్క రానివాని అంగడి ఆరు మాసములైనను నిలుచునా?

అట్టి ఇంటి బిడ్డ ఆరవ తరగతికి పోగానే, −3 పెద్దదా −8 పెద్దదా అను ప్రశ్నకు తడబడి, మార్కులు పోగొట్టుకొని, "నీ తలకు లెక్క ఎక్కదు" అనిపించుకొని ఇంటికి వచ్చుచున్నాడు. తండ్రి దానిని నమ్మును. తల్లియు నమ్మును. కడకు బిడ్డయు నమ్మును. ఆ మూడవ నమ్మకమే అన్నిటికంటె ప్రమాదకరము. ఏలయనగా, తనకు లెక్క రాదని పదునొకండవ యేట నమ్మిన బిడ్డ ఎనిమిదవ తరగతికి వచ్చుసరికి పుస్తకమును మూయును. పదవ తరగతికి వచ్చుసరికి బడినే మూసికొనును.

తప్పు బిడ్డ తలలో లేదు. బిడ్డ తల్లిభాషలోను లేదు. తప్పు బోధనలో ఉన్నది. ఆ తప్పునకు ఒక పేరున్నది, ఒక రూపమున్నది. దానిని నలుగురి ముందు నిలిపి చూపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడి గద్దె ఎక్కినవాడను, పండితుడను కాను. కాని సున్నకు దిగువ లెక్క అనగా నేమో చెప్పుటకు, రొక్కము అప్పులతో దినదినము వ్యవహరించు వర్తకునికంటె అధికారము మరెవ్వరికి కలదు?

మొదట గడప సంగతి చెప్పెదను. అయిదవ తరగతి వరకు బిడ్డకు తెలిసిన సంఖ్యలు సున్నతో మొదలై పైకి పోవును. 5 కంటె 8 పెద్దది, 8 కంటె 80 పెద్దది. ఈ యొక్క జ్ఞానముతో అతడు అయిదేండ్లు సుఖముగా గడిపినాడు. ఆరవ తరగతిలో ఒక దినమున ఉపాధ్యాయుడు నల్లబల్లపై సున్నకు ఎడమ ప్రక్కను కూడ సంఖ్యలు వ్రాసి, ఇవి ఋణ సంఖ్యలు, రెండు ప్రక్కలవియు సున్నయు కలిసి పూర్ణ సంఖ్యలు అని చెప్పును. అంతవరకు ఏమియు లేనిదానికి గుర్తుగా నున్న సున్న, ఇప్పుడు నడుమ నిలిచిన మైలురాయి అయినది. ఇది చిన్న మార్పు కాదు. పిల్లవాని లోకము ఒక వైపునకే తెరచియున్న ఇల్లు కాగా, రెండవ గోడకు తలుపు పెట్టినట్లు.

మన బిడ్డలకు ఇదే యేట మరియొక గడప వచ్చిపడుచున్నది. 1956వ సంవత్సరపు ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషా వర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నించుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ప్రాథమిక దశ అనియే దానిలో నున్నది. ఆ దశ దాటిన పిదప ఆ అధికరణము అండ లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కనీసము అయిదవ తరగతి వరకును, వీలయినచో ఎనిమిదవ తరగతి వరకును ఇంటి భాషలో బోధ ఉండవలెనని చెప్పినది గాని, విధానము వేరు, మన వీధి చివరి బడి వేరు. కనుక తెలుగు బడిలో అయిదు చదివిన బిడ్డ ఆరవ తరగతిలో కన్నడమునకో, తమిళమునకో, ఒడియాకో, మరాఠీకో, ఇంగ్లీషునకో మారును. భాష మారిన యేటనే సంఖ్య కూడ సున్నను దాటి దిగువకు పోవుచున్నది. రెండు గడపలను ఒక్క అడుగులో దాటుమని పదునొకండేండ్ల బిడ్డకు చెప్పుచున్నాము. తట్టుకొని పడినచో మంద బుద్ధి యనుచున్నాము. ఇది న్యాయమా?

ఇక ఆ తప్పు యొక్క రూపము చూడుడు. ఋణ సంఖ్యలను పోల్చుట ఎట్లు అని బిడ్డ అడిగినచో పెక్కు బడులలోను, అంతకంటె పెక్కు ట్యూషను గదులలోను దొరకు జవాబు ఒకటే: "మైనస్ గుర్తు ఉన్నచో పెద్దది చిన్నది, చిన్నది పెద్దది. అంతే. బట్టీ పట్టుము." దీనిని నేను తారుమారు సూత్రము అని పిలుచుచున్నాను. చెప్పుటకు అరనిముసము చాలును. వ్రాసికొనుటకు ఒక్క పంక్తి చాలును. మరునాటి పరీక్షలో −3, −8 వచ్చినచో మార్కు కూడ వచ్చును. అందుచేతనే ఇది ఇంతగా వ్యాపించినది.

కాని దీని ఫలము చూడుడు. మా వీధి పిల్లలు సాయంత్రము అంగడి అరుగుపై కూర్చుండి చదువుకొందురు. ఈ సూత్రము వల్లించిన బాలికను −2, 7 అను రెండింటిలో ఏది పెద్దదని అడిగితిని. "మైనస్ ఉన్నది గనుక తారుమారు చేయవలెను. 7 పెద్దది గదా, కనుక −2 పెద్దది" అని తడుముకొనకుండ చెప్పినది. ఆమెకు బుద్ధి లేక అట్లు చెప్పలేదు. చెప్పిన సూత్రమును చెప్పినట్లు పాటించినది. మరియొక బాలుని 0, −4 లలో ఏది పెద్దదని అడుగగా, "సున్న అనగా ఏమియు లేదు, ఏమియు లేనిదే అన్నిటికంటె చిన్నది" అని అతడు −4 వైపు చూపినాడు. వానికి అయిదేండ్లుగా చెప్పినది అదియే. ఆ పాత మాటకు ఇప్పుడు ఎల్ల ఎక్కడనో ఎవరును వానికి చెప్పలేదు.

ఈ సూత్రమును బట్టీ పట్టినవానికి మూడు సూత్రములు కావలసి వచ్చును. రెండును ధన సంఖ్యలైనచో ఒకటి, రెండును ఋణ సంఖ్యలైనచో ఒకటి, ఒకటి ధనము ఒకటి ఋణము అయినచో మరియొకటి. సున్న వచ్చినచో నాలుగవది. ఏడవ తరగతిలో భిన్నములు వచ్చును. −1/2 పెద్దదా, −1/3 పెద్దదా? క్రింది అంకె పెరిగిన భిన్నము తగ్గునను తారుమారు ఒకటి, మైనస్ గుర్తు తారుమారు మరియొకటి. రెండు తారుమారులు కలిసినప్పుడు బిడ్డకు ఏమి మిగులును? నాణెము ఎగురవేయుట మిగులును. పై తరగతులలో అసమానతలు వచ్చును. 2 కంటె 5 పెద్దది, రెండింటిని −1 చే గుణించినచో −2 కంటె −5 చిన్నది అగును, గుర్తు తిరుగబడును. ఏల తిరుగబడునో తెలియనివాడు తిరుగవేయుట మరచును. పునాది గోడలో ఒక ఇటుక బోలుగా నున్నచో మూడవ అంతస్తులో బీటలు వారినట్లు, ఆరవ తరగతి బట్టీ పదవ తరగతిలో బయటపడును.

"ఇంత చిన్న సంగతికి ఇంత రాద్ధాంతమా?" అనువారు కలరు. చిన్న సంగతియా? లోకపు పెద్ద తలలు దీనివద్ద ఎట్లు నిలిచిపోయినవో వినుడు. ధనము, ఋణము, సున్న అను మూడింటిని కూడుటకు, తీసివేయుటకు, గుణించుటకు క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున నియమములు కట్టినాడు. ఆ పేర్లు వర్తకుని పేర్లే యని గమనింపుడు: ఆస్తి ధనము, అప్పు ఋణము. అయినను 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడంతటివాడు తన బీజగణితమున ఒక లెక్కకు రెండు జవాబులు తెచ్చి, ఋణ సంఖ్యను లోకము ఒప్పుకొనదని రెండవదానిని విడిచిపెట్టెను. ఇంగ్లండున ఫ్రాన్సిస్ మసేరెస్ అను పండితుడు 1758లో ఋణ గుర్తు వాడుకపై ఒక గ్రంథమే వ్రాసి, ఏమియు లేనిదానికంటె తక్కువ సంఖ్య యుండుననుటను త్రోసిపుచ్చెను. బ్రహ్మగుప్తుని తరువాత పదునొకండు వందల సంవత్సరములకు కూడ ఒక పండితుడు ఒప్పుకొనలేని భావమును, మన బిడ్డ ఒక్క పీరియడులో, పరాయి భాషలో, కారణము చెప్పకుండ చెప్పిన ఒక్క వాక్యముతో గ్రహింపవలెనట! గ్రహింపనిచో బెంచి ఎక్కి నిలువవలెనట!

అయినచో ఎట్లు బోధింపవలెను? తిట్టుట సులభము, దారి చూపుట కష్టము అని మీరు అనకముందే నా మాట చెప్పెదను.

ఒక త్రాడు తెండు. నడుమ ఒక ముడి వేయుడు, అది సున్న. కుడి వైపున అడుగడుగునకు ఒక ముడి, ఎడమ వైపున అడుగడుగునకు ఒక ముడి. త్రాటిని బడి ఆవరణలో సాగదీసి, ముడి ముడికి ఒక బిడ్డను నిలుపుడు. ఇప్పుడు ఒకే ఒక నియమము: కుడి వైపున నిలిచినవాడు పెద్ద. 2 కంటె 5 కుడికి ఉన్నది, పెద్దది. −2 కంటె 7 కుడికి ఉన్నది, పెద్దది. −8 కంటె −3 కుడికి ఉన్నది, పెద్దది. −4 కంటె సున్న కుడికి ఉన్నది, పెద్దది. నాలుగు సూత్రములు పోయి ఒక్కటి మిగిలినది. తారుమారు అక్కరలేదు. తెలిసిన నియమమే ఎడమ ప్రక్కకు కూడ సాగినది. 1685లో జాన్ వాలిస్ తన బీజగణిత గ్రంథమున చెప్పినదియు ఇట్టిదే: ఒకడు 5 గజములు ముందుకు నడచి 8 గజములు వెనుకకు వచ్చినచో బయలుదేరిన చోటికి 3 గజములు వెనుక నుండును, అదియే −3. ఈ త్రాటినే పుస్తకములలో సంఖ్యారేఖ యందురు. సంఖ్యారేఖ ప్రతి పుస్తకమునను అచ్చయినది. కాని దానిపై బిడ్డను నడపువారు అరుదు.

త్రాటి తరువాత చిట్టా. నలుగురు వర్తకుల లెక్క తేల్చితిమి అనుకొనుడు. రామయ్యకు అప్పులన్నియు తీరి 500 రూపాయలు మిగులు. సోమయ్యకు మిగులును లేదు, అప్పును లేదు. భీమయ్యకు చేత పైసా లేదు, 300 అప్పు. కామయ్యకు చేత పైసా లేదు, 800 అప్పు. అనగా +500, 0, −300, −800. ఎవరి స్థితి మెరుగు? ఏ అంగడి పిల్లవానినైనను అడుగుడు, క్రమము తప్పకుండ చెప్పును. ఏమియు లేని సోమయ్య అప్పుల భీమయ్యకంటె మేలని చెప్పును. సున్నయే అన్నిటికంటె చిన్నదను పాత నమ్మకము ఎవరును కొట్టకుండ తనంతట పడిపోవును.

ఇంకను నమ్మకము కుదరనిచో మరియొక ఉపాయము కలదు. నలుగురికిని సమానముగా తలకు 800 రూపాయలు ఈయుడు. అందరికి సమానముగా ఇచ్చినందున ఎవరు ముందు ఎవరు వెనుక అను వరుస మారదు గదా? ఇప్పుడు రామయ్యకు 1300, సోమయ్యకు 800, భీమయ్యకు 500, కామయ్యకు 0. ఋణ సంఖ్య ఒక్కటియు లేదు. ఒకటవ తరగతి బిడ్డయు ఈ నాలుగింటిని పోల్చగలడు. 500 కంటె 0 చిన్నది, కనుక −300 కంటె −800 చిన్నది. ఇది గారడి కాదు, ఇదియే కారణము. రెండు సంఖ్యలకు ఒకే సంఖ్యను కలిపినచో వాని హెచ్చుతగ్గుల వరుస చెడదు. ఈ కారణము తెలిసిన బిడ్డ సూత్రము మరచినను జవాబు మరవడు.

ఇక్కడ ఒక గుంట కలదు. అప్పు ఉపమానము చెప్పినంతనే అంతయు తెలియుననుకొను ఉత్సాహవంతులకు ఇది ప్రత్యేకముగా చెప్పవలెను. "భీమయ్య అప్పు 300, కామయ్య అప్పు 800. ఏది పెద్దది?" అని అడుగుడు. "800 పెద్దది" అని బిడ్డ చెప్పును. అతడు చెప్పినది నిజమే! పెద్ద అప్పు 800దే. కాని −800 పెద్ద సంఖ్య కాదు. తప్పు జవాబులో లేదు, ప్రశ్నలో ఉన్నది. అప్పు, నష్టము, లోతు, చలి అను మాటలు తమ తమ దిక్కునకు పెరుగును. నుయ్యి దిగిన కొలది లోతు ఎక్కువ. చలికాలమున లేహ్ పట్టణమున ఉష్ణమానము సున్నకు పది డిగ్రీలు దిగువకు పోయినప్పుడు చలి ఎక్కువ, కాని ఉష్ణము తక్కువ. కనుక ఉపాధ్యాయుడు ఒకే దిక్కునకు చూచు ప్రశ్న వేయవలెను. "ఎవరి అప్పు పెద్దది" అనరాదు, "ఎవరి స్థితి మెరుగు" అనవలెను. "ఎక్కడ చలి ఎక్కువ" అనరాదు, "ఎక్కడ వెచ్చన" అనవలెను. "ఏది లోతు" అనరాదు, "ఏది పైన" అనవలెను.

అప్పు ఎంత పెద్దది అను ప్రశ్న పనికిరానిదని నా భావము కాదు. అప్పిచ్చినవానికి కావలసినది అదియే. సున్ననుండి ఎంత దూరము అను ఆ లెక్కను పుస్తకములలో పరమ మూల్యము అందురు. −8 పరమ మూల్యము 8, −3 పరమ మూల్యము 3. స్థితి లెక్క వేరు, దూరము లెక్క వేరు. ఈ రెండు ప్రశ్నలను కలగలిపి అడిగి, బిడ్డ ఒకదానికి చెప్పిన సరియైన జవాబును రెండవదానికి తప్పుగా కొట్టివేయుట, ఒకని పద్దు మరొకని ఖాతాలో వ్రాసి వసూలునకు పోయినట్లున్నది.

ఇప్పుడు చెప్పుడు: "స్థితి మెరుగు", "వెచ్చన", "పైన" అను ఈ సూక్ష్మ భేదము బిడ్డకు ఏ భాషలో తెలియును? అమ్మ మాటలాడు భాషలో తెలియును. ఈ పాఠము గుర్తులది కాదు, మాటలది. మాటలు తెలియని చోట మిగులునది బట్టీయే. కనుకనే మన బిడ్డలకు తారుమారు సూత్రము మరింత హాని చేయుచున్నది.

"తెలుగులో గణితము చెప్పిన పైకి పోజాలరు" అను మహానుభావులకు ఒక మాట. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూటుల ఏలుబడిలో, అనగా కన్నడ సీమలో, సంస్కృతమున వ్రాసిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మన భాషకు గణితము నిన్న వచ్చిన చుట్టము కాదు. ఇక మాటలు చూడుడు. కన్నడమునను ధన, ఋణ అనియే యందురు. మరాఠీలోను అంతే. ఒడియాలోను ధనాత్మక, ఋణాత్మక అనియే యందురు. తమిళమున మిగై, కుఱై అందురు. వినుటకు కొత్తగా నుండును గాని, మిగై మన మిగులునకు అక్క, కుఱై మన కొరతకు చెల్లెలు. మిగులు, కొరత అని తెలుగులో ఒక్కసారి చెప్పినచో హోసూరు బిడ్డ తమిళ పుస్తకమును బెదరక తెరచును. తల్లిభాషలో గ్రహించిన భావము పరభాషలో ఉచితముగా లభించును. పరభాషలో బట్టీ పట్టినది ఏ భాషలోను లభింపదు.

భాష మారునప్పుడు జాగ్రత్త పడవలసిన తావు లేకపోలేదు. తెలుగు పుస్తకములలో 0, 1, 2 మొదలైనవి పూర్ణాంకములు, ఋణములు కూడ చేరినచో పూర్ణ సంఖ్యలు. కన్నడ పుస్తకములలో సరిగా దీనికి ఎదురు: 0, 1, 2 మొదలైనవి పూర్ణ సంఖ్యలు, ఋణములు చేరినవి పూర్ణాంకములు. కన్నడ బడికి మారిన తెలుగు బిడ్డ ఇక్కడ తడబడినచో అది వాని తెలివితక్కువా? రెండు భాషలు ఎరిగిన పెద్దవాడు ప్రక్కన కూర్చుండి ఒక్క నిముసము చెప్పినచో తీరునది. ఆ ఒక్క నిముసము ఇచ్చువాడు లేక బిడ్డ ఒక సంవత్సరము పోగొట్టుకొనుచున్నాడు.

"పరీక్షకు సూత్రము చాలును, మార్కులు వచ్చుచున్నవి గదా" అను తండ్రులకు: అప్పు తెచ్చిన రొక్కమును లాభమని చిట్టాలో వ్రాసికొను వర్తకుని మీరు ఏమందురు? బట్టీ మార్కు అట్టి లాభమే. ముద్దతు తీరిన దినమున వడ్డీతో కూడ చెల్లింపవలసి వచ్చును.

"ఇంగ్లీషు మాధ్యమమున వేసితిమి, మాకు ఈ చింత లేదు" అనువారికి: మైనస్ అనినంత మాత్రమున సంఖ్య సున్నకు దిగువకు పోయిన సంగతి తెలియునా? ఇంగ్లీషు తన సొంత భాషగా గల మసేరెసే 1758లో తెలిసికొనలేదు. ఇంగ్లీషు నేర్పుడు, నేను వలదనను. నా బిడ్డలును చదువుచున్నారు. కాని భావమును ఇంటిలో మన మాటలలో కుదిర్చి, ఆ మీద ఇంగ్లీషు మాట అంటింపుడు. సరకు లేని డబ్బాపై ఎంత అందమైన చీటి అంటించిన నేమి?

"పుస్తకములు మారినవి, ఇక ఉపాధ్యాయులే చూచుకొందురు" అనువారికి: పుస్తకములు మారిన మాట నిజమే. 2024లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వెలువరించిన ఆరవ తరగతి గణిత ప్రకాశ్ పుస్తకమున ఈ పాఠమును లిఫ్టుతో మొదలుపెట్టినారు. నేలకు పైని అంతస్తులు ధనము, నేలకు దిగువ అంతస్తులు ఋణము. బ్రహ్మగుప్తుని ముచ్చటయు అందు కలదు. మెచ్చదగిన పనియే. కాని పుస్తకము బిడ్డ చేతికి వచ్చినంత మాత్రమున బోధ మారదు. పాఠము వదలి ప్రశ్న జవాబుల గైడు తెరచువారున్నంత వరకు ఆ లిఫ్టు కదలదు.

ఉపాధ్యాయులపై నాకు పగ లేదు. ఒక గదిలో యాబదిమందిని కూర్చుండబెట్టి, నెలాఖరునకు పాఠము ముగింపుమని పైవారు తరుముచుండగా, అరనిముసపు సూత్రము వారికి ఊరట యగును. నా కోపము ఆ సూత్రముపై, దానిని చూచి ఊరకున్న మనపై. బిడ్డకు బట్టలు కొనునప్పుడు నూలు లాగి చూతుము, బియ్యము కొనునప్పుడు గింజ కొరికి చూతుము. చదువు కొనునప్పుడు మాత్రము రసీదు చూచి తృప్తి పడుచున్నాము.

కనుక నా కోరికలు మూడు. మొదటిది తల్లిదండ్రులకు. ఈ వారమే మీ ఆరవ, ఏడవ తరగతి బిడ్డను పిలిచి −2, 7 లలో ఏది పెద్దది, 0, −4 లలో ఏది పెద్దది, −3, −8 లలో ఏది పెద్దది అని అడుగుడు. జవాబు సరిగా వచ్చినను విడువకుడు, "ఏల?" అని అడుగుడు. "టీచరు చెప్పినారు" అని వచ్చినచో చిట్టా తెచ్చి రామయ్య కామయ్యల లెక్క మొదలుపెట్టుడు. తిట్టకుడు, తలపై మొట్టకుడు.

రెండవది ఉపాధ్యాయులకు. తారుమారు సూత్రమును మొదటి దినమున చెప్పకుడు. త్రాడు, మెట్లు, చిట్టా ముందు. బిడ్డ పది జతలను పోల్చిన పిదప ఆ తారుమారు సంగతిని తానే కనిపెట్టి మీకు చెప్పును. తాను కనిపెట్టినది వానికి ఆస్తి. మీరు రుద్దినది వానికి అప్పు.

మూడవది మన సంఘమునకు. ఉగాదికి కవి సమ్మేళనము, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టుచున్నాము, సంతోషము. మాతృభాష మన హక్కని తీర్మానములు చేసి పంపుచున్నాము, అదియు తగినదే. కాని ప్రాథమిక దశ దాటిన బిడ్డకు చట్టము అండ లేని చోట సంఘమే అండ కావలెను. సంఘ భవనమున వారమునకు రెండు సాయంత్రములు ఆరవ తరగతి బిడ్డలను చేర్చి, బడిలో పరభాషలో విన్న గణితమును తెలుగులో విప్పి చెప్పు ఏర్పాటు చేయుడు. దానికి పండితులు అక్కరలేదు. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు మనలో కొదవ లేదు. నల్లబల్ల, త్రాడు, పాత చిట్టా ఇచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను. సాయంత్రము అంగడి గద్దెను గుమాస్తాకు అప్పగించి ఒక గంట వచ్చి కూర్చుండుటకును సిద్ధముగా నున్నాను.

భాష నిలుచునది పాటలోను పద్యములోను మాత్రమే కాదు. బిడ్డ తనకు తెలియనిదానిని ఆలోచించుటకు ఏ భాషను పట్టుకొనునో ఆ భాషయే నిలుచును. తెలుగును పండుగకు కట్టు పట్టుపంచెగా ఉంచితిమా, మరి రెండు తరములలో పెట్టె అడుగున ముడతలు పడియుండును. సున్నకు దిగువ లెక్కను తెలుగులో ఆలోచించు బిడ్డ ఉన్నంత కాలము మన భాష ఖాతాలో మిగులే యుండును. వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ సంగతి మొదటి అంశముగా చర్చకు రావలెనని కోరుచున్నాను. కాదనువారు తమ కారణములతో రావలెను. నేను నా చిట్టాతో వచ్చెదను.